చిన్న హాస్పిటల్ లెక్కలు ఎక్కడ పెట్టుకోవాలి: రిజిస్టరా, ఎక్సెలా, సాఫ్ట్‌వేరా?

30, 40 బెడ్ల నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ళు ఎవరు కలిసినా "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మంచిదండీ" అని అడుగుతుంటారు. హాస్పిటల్ రికార్డ్స్ పనిలోనే ఉంటాను కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది, నేను తిరిగి ఒకటే అడుగుతా, పోయిన నెల మీ దగ్గర ఆపరేషన్ అయినవాళ్ళలో ఎంతమందికి కుట్ల దగ్గర చీము పట్టింది? బిల్లింగ్ ఎంతయిందో రూపాయితో సహా చెప్పేవాళ్ళు కూడా దీనికి ఆగిపోతారు. ఎంపిక అక్కడ మొదలవ్వాలి. నేను చూసిన సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం బిల్లింగ్ కోసం తయారైనవి, వైద్యం ఎలా జరుగుతోందో చెప్పే రిపోర్టులు వాటికి తర్వాత తగిలించినవి, మీకు ఏం కావాలో మీకే తెలీకుండా డెమోకి కూర్చుంటే వాళ్ళు చూపించిందే మీకు కావాల్సింది అనిపిస్తుంది.

అందుకని ముందు ఒక కాగితం మీద మీకు ఏం తెలియాలో రాసుకోండి. ఈ సైజు హాస్పిటల్‌కి ఆరేడు ప్రశ్నలు మించి అక్కర్లేదు. బెడ్లు ఎంత శాతం నిండుతున్నాయి, అడ్మిట్ అయినవాళ్ళు ఎన్ని రోజులకి ఇంటికెళ్తున్నారు, ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ ఎంతమందికి వస్తోంది, డిశ్చార్జ్ అయిన నెలలోపే అదే జబ్బుతో తిరిగొస్తున్నవాళ్ళు ఎందరు, కాన్పుల్లో సిజేరియన్లు ఎన్ని, ఓపీ చీటీ రాయించుకున్నాక డాక్టర్ గదిలోకి వెళ్ళేసరికి ఎంతసేపు పడుతోంది, చనిపోయినవాళ్ళు ఎందరు, ఏ కారణంతో. వీటిల్లో చాలావాటికి రెండు అంకెలు కావాలి, పైన ఒకటి కింద ఒకటి. "ఈ నెల నలుగురికి ఇన్ఫెక్షన్ వచ్చింది" అంటే దాంతో ఏమీ తేలదు, 50 ఆపరేషన్లలో నలుగురా, 200 లో నలుగురా? పై అంకె అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే అది డాక్టర్‌కి నిద్ర లేకుండా చేసిన కేసు. కింది అంకెని, అంటే మొత్తం ఎన్ని ఆపరేషన్లన్నదాన్ని, ఎవరూ రాసిపెట్టరు. ఏ పద్ధతి గురించి అడిగినా నేను చూసేది అదే, కింది అంకె రోజూ తప్పకుండా నమోదయ్యే వీలు ఇందులో ఉందా లేదా.

బెడ్ల లెక్కే తీసుకోండి. నైట్ డ్యూటీ సిస్టర్ రాత్రి 12 గంటలకి వార్డు తిరిగి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఒక్క అంకె రాస్తే చాలు. 40 బెడ్లు, 30 రోజులు అంటే 1200 బెడ్ రోజులు, రాత్రి లెక్కలన్నీ కూడితే 900 వచ్చిందనుకోండి, 75 శాతం నిండింది. ఆ ఒక్క అంకె రోజూ పడకపోతే లక్షలు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా మీకు నిజం చెప్పలేదు.

రిజిస్టర్

రిజిస్టర్ పాతకాలం పద్ధతి అని తీసిపారేయకండి. కరెంటు పోయినా నడుస్తుంది, కొత్తగా చేరిన సిస్టర్‌కి పది నిమిషాల్లో నేర్పొచ్చు, ఎవరు ఏ చేతిరాతతో ఎప్పుడు రాశారో కనిపిస్తుంది, మెడికో లీగల్ కేసుల్లో అది చాలా అవసరం. ఓటీ రిజిస్టర్, అడ్మిషన్ రిజిస్టర్, లేబర్ రూమ్ రిజిస్టర్ సరిగ్గా రాసే హాస్పిటల్‌లో నాకు కావాల్సిన లెక్కల్లో చాలా మటుకు అక్కడే దొరుకుతాయి.

కష్టమంతా కూడే దగ్గర వస్తుంది. ఓపీ రిజిస్టర్ ఏదైనా తెరిచి వ్యాధి కాలమ్ మీద వేలు పెట్టి కిందికి చదువుతూ వెళ్ళండి. ఒకచోట "జ్వరం", ఇంకోచోట "ఫీవర్", దాని కింద "వైరల్", ఆ కింద "పీయూఓ" (కారణం తెలీని జ్వరం), మధ్యలో డెంగీ టెస్ట్ పాజిటివ్ వచ్చిన మనిషికి కూడా "ఫీవర్ 3 డేస్" అనే ఉంటుంది ఎందుకంటే ల్యాబ్ రిపోర్ట్ సాయంత్రం వచ్చింది, పొద్దున రాసిన గడిని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. ఈ రిజిస్టర్ పట్టుకుని "ఈ వానాకాలం మాకు డెంగీ ఎన్ని" అని అడిగితే ఎవరు చెప్పగలరు? ఇది ఇప్పటి సమస్యేమీ కాదు, క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువ చనిపోయారని లెక్కలు గీసి చూపించిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860 లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ సభ ముందు పెట్టిన ప్రతిపాదన కూడా ఇదే, హాస్పిటళ్ళన్నీ ఒకే రకం ఫారాలు, ఒకే రకం వ్యాధి పేర్లు వాడాలని.

దీనికి ఖర్చు లేని పని ఒకటుంది. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే 25, 30 జబ్బుల లిస్టు ఒకటి రాసి, పక్కన ఐసీడీ-10 కోడ్, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్కో జబ్బుకి ఇచ్చిన గుర్తు, వేసి (టైఫాయిడ్‌కి ఏ01.0 అన్నట్టు), అట్ట మీద అతికించి కౌంటర్ దగ్గర, నర్సింగ్ స్టేషన్ దగ్గర పెట్టండి, రాసేవాళ్ళు ఆ లిస్టులోని మాటే రాయాలి, లేనిది వస్తే "ఇతరం" అని రాసి పక్కన వివరం. రోజూ 50, 60 ఓపీ, 10 లోపు బెడ్లు ఉన్న క్లినిక్‌కి ఇంతకు మించి ఏమీ వద్దని నేను గట్టిగా చెప్తాను.

ఎక్సెల్, గూగుల్ షీట్

15 నుంచి 50 బెడ్ల వాళ్ళకి నా ఓటు దీనికే, బిల్లింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే లెక్కల కోసం పక్కన ఒక షీట్. ఒక అడ్మిషన్‌కి ఒక వరస, అంతే. ఐపీ నంబర్ (అడ్మిట్ అయినప్పుడు ఇచ్చేది), చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, వయసు, మగ ఆడ, వార్డు, లిస్టులోని జబ్బు పేరు, ఆపరేషన్ ఐతే ఏది, ఎలా వెళ్ళారు (బాగై వెళ్ళారా, రిఫర్ చేశారా, డాక్టర్ వద్దన్నా వెళ్ళిపోయారా, చనిపోయారా), ఇన్ఫెక్షన్ అవును కాదు. పది పన్నెండు కాలమ్స్ దాటనివ్వకండి, పాతిక కాలమ్స్ పెట్టిన షీట్లు రెండో నెలకే సగం ఖాళీగా ఉండడం చాలాచోట్ల చూశాను. డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేసే మనిషే అదే కూర్చోవడంలో ఈ వరస కూడా నింపాలి, నెలాఖరుకి కేస్ షీట్లన్నీ కుప్పేసుకుని నింపుదామంటే అది జరగదు, జరిగినా తప్పులు వస్తాయి.

షీట్లతో వచ్చే తిప్పలు కూడా చిన్నవి కావు. తేదీ చూడండి, 03/07 అని కొడితే కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మార్చి 7 అయిపోతుంది, జూలై 3 న చేరి 6 న వెళ్ళిన మనిషి మార్చి నుంచి జూన్ దాకా హాస్పిటల్‌లోనే ఉన్నట్టు లెక్క తయారవుతుంది. కాబట్టి షీట్ మొదలుపెట్టినప్పుడే తేదీ ఫార్మాట్ ఫిక్స్ చెయ్యండి, జబ్బు పేరుకి, వార్డుకి డ్రాప్‌డౌన్ పెట్టండి, చేత్తో టైప్ చేసే గడులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వెళ్ళిన తేదీ చేరిన తేదీ కంటే ముందుంటే గడి ఎర్రగా మారేలా ఒక రూల్ పెట్టుకుంటే సగం తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి.

పెద్దవాళ్ళకి కూడా ఇక్కడ దెబ్బ తగిలింది. 2020 అక్టోబర్‌లో ఇంగ్లాండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి, కారణం ఏంటంటే ల్యాబుల నుంచి వచ్చిన డేటాని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో దించారు, ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 వరసలకి మించి పట్టవు, మిగిలింది తెగిపోయింది. ఆ కేసుల కాంటాక్టులకి ఫోన్లు వెళ్ళడం ఆలస్యమైంది. 40 బెడ్ల హాస్పిటల్‌కి ఈ హద్దు ఎప్పటికీ అడ్డురాదు గానీ, వరసల సంఖ్యని అడ్మిషన్ రిజిస్టర్ సంఖ్యతో వారానికోసారి సరిచూడాలి అన్న అలవాటు మాత్రం దీన్నుంచి తీసుకోవాల్సిందే.

ఎక్సెల్ మంచిదా గూగుల్ షీటా అంటే, ఒకే మనిషి ఒకే కంప్యూటర్‌లో నింపేట్టయితే ఎక్సెల్, దానికి పాస్‌వర్డ్ పెట్టి రోజూ బయట డ్రైవ్‌లోకి కాపీ తీయండి. ఇద్దరు ముగ్గురు నింపేట్టయితే గూగుల్ షీట్, ఎవరు ఏ గడి మార్చారో పాత వెర్షన్లు చూసి కనుక్కోవచ్చు. కానీ లింక్ ఉన్న ఎవరైనా తెరవొచ్చు అనే సెట్టింగ్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, పేషెంట్ పేరు, ఫోన్ నంబర్ ఈ షీట్‌లో ఉండకూడదు, ఐపీ నంబర్ ఉంటే చాలు. ఒక మనిషికి ఏ జబ్బుందో ఊళ్ళో తెలిస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలుసు కదా, ఆ మనిషి మనల్ని నమ్మి చెప్పాడు. 2023 లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సంగతి పక్కనపెట్టినా ఇది మన కనీస ధర్మం.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్

50 బెడ్లు దాటి, సొంత ల్యాబ్, ఫార్మసీ, రెండు మూడు స్పెషాలిటీలు ఉంటే షీట్‌తో నెట్టుకురావడం కష్టం. అక్కడ సాఫ్ట్‌వేర్ వల్ల నిజంగా మేలు జరుగుతుంది, ల్యాబ్ రిపోర్ట్ నేరుగా కేస్ షీట్‌లోకి వచ్చేస్తుంది, ఓపీ చీటీ టైమ్, డాక్టర్ చూసిన టైమ్ వాటంతటవే పడతాయి, చేత్తో ఎవరూ రాయరు కాబట్టి వెయిటింగ్ టైమ్ లెక్క మొదటిసారి సరిగ్గా వస్తుంది.

ఎంచుకునేటప్పుడు స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నాయని కాకుండా, నా డేటా నాకు తిరిగొస్తుందా అని చూడండి. నాకు తెలిసిన ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండర్‌ని మార్చుకుందామనుకున్నప్పుడు పాత వెండర్ ఇచ్చింది మొత్తం పీడీఎఫ్‌లే, కొన్నేళ్ళ అడ్మిషన్లు కళ్ళ ముందే ఉన్నాయి గానీ ఒక్క లెక్కా తీయడానికి పనికిరాలేదు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే "మొత్తం డేటా ఎక్సెల్ లేదా సీఎస్‌వీ రూపంలో మేం అడిగినప్పుడల్లా, అదనపు చార్జీ లేకుండా" అన్న వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి. ఏటా కట్టే ఏఎంసీ (మెయింటెనెన్స్ చార్జీ) ఎంత, ఎంత చొప్పున పెరుగుతుంది, అది కూడా కాగితం మీద ఉండాలి.

హాస్పిటళ్ళ రికార్డులని కలిపే కేంద్ర ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలుస్తుందా అని తప్పకుండా అడగండి. 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైన ఈ పద్ధతిలో పేషెంట్‌కి 14 అంకెల ఆభా నంబర్ ఉంటుంది, ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, అడ్రస్ వాటంతటవే వస్తాయి. దీనివల్ల క్యూ తగ్గడం ఒకటి, లెక్కలకి ఇంకా పెద్ద లాభం ఏంటంటే ఒకే మనిషి మూడు రకాల స్పెల్లింగుల్లో ముగ్గురు మనుషులుగా నమోదవడం తగ్గుతుంది, తిరిగి అడ్మిట్ అయినవాళ్ళ లెక్క తీయాలంటే ఇది లేకుండా చాలా కష్టం. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కేసులున్నవాళ్ళు ఒకటి అడగాలి, ప్రీఆథ్ (ట్రీట్‌మెంట్‌కి ముందస్తు అనుమతి) కోసం ఆ పోర్టల్‌లో కొట్టిన వివరాలనే మళ్ళీ మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా కొట్టాలా అని. అలా ఐతే రెండోసారి కొట్టేది ఎవరో, ఏ టైమ్‌లోనో ఇప్పుడే తేల్చుకోండి.

ఈ-హాస్పిటల్, బాహ్మ్ని

ప్రభుత్వ హాస్పిటల్ ఐతే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ఉంది, దేశంలో చాలా ప్రభుత్వ ఆసుపత్రులు దాని మీదే నడుస్తున్నాయి, అక్కడ మీ చేతిలో ఉండే ఎంపిక తక్కువ, ఉన్నదాన్ని బాగా వాడుకోవడమే. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) జరిగినప్పుడు రిజిస్ట్రేషన్, ల్యాబ్ పనులు రోజుల తరబడి చేత్తో నడపాల్సొచ్చింది. అంతటి చోటే అలా జరిగిందంటే, సిస్టమ్ పడిపోయిన రోజు వాడడానికి ప్రింట్ తీసిన ఫారాలు ప్రతి వార్డులో ఒక కట్ట ఉండాలి, సిస్టమ్ లేచాక ఆ కాగితాలని ఎక్కించే మనిషి ఎవరో కూడా రాసి ఉండాలి.

ట్రస్ట్ హాస్పిటళ్ళు, మిషన్ హాస్పిటళ్ళు చూడాల్సింది బాహ్మ్ని. ఇది ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే) సాఫ్ట్‌వేర్, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ నడిపే గ్రామీణ హాస్పిటల్ కోసం మొదలైంది, లోపల పేషెంట్ రికార్డులకి ఓపెన్ఎంఆర్ఎస్, ల్యాబ్‌కి ఓపెన్ఎలిస్, బిల్లింగ్‌కి ఓడూ కలిపి ఉంటాయి. లైసెన్స్ డబ్బులు లేవు, డేటా అంతా మీదే. కాకపోతే పెట్టడానికి, చూసుకోవడానికి లినక్స్ తెలిసిన మనిషి ఒకరు కావాలి, ఆ జీతం ఇవ్వగలమా లేదా అన్నదాన్ని బట్టే నిర్ణయం. ఇవ్వలేకపోతే దీని జోలికి వెళ్ళకండి.

లెక్క వచ్చాక దాన్ని ఎలా చూడాలి

సాధనం కన్నా ఇది నాకు ముఖ్యం, దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

సగటా, మధ్య విలువా? పదిమంది డిశ్చార్జ్ అయ్యారు, వాళ్ళున్న రోజులు 2, 2, 3, 3, 3, 3, 4, 4, 5, 31 అనుకోండి. కూడితే 60, సగటు 6 రోజులు. కానీ ఆరు రోజులున్న మనిషి ఇందులో ఒక్కడూ లేడు, పదిమందిలో తొమ్మిది మంది అయిదు రోజుల్లోపే వెళ్ళిపోయారు. వరసలో పెట్టి మధ్యలో ఉన్నది తీస్తే 3, అదే మీ వార్డు సంగతి చెప్తుంది. హాస్పిటల్‌లో ఉన్న రోజులకీ, వెయిటింగ్ టైమ్‌కీ, బిల్లుకీ ఎప్పుడూ మధ్య విలువే తీసుకోండి, షీట్‌లో మీడియన్ అన్న ఫార్ములా కొడితే వచ్చేస్తుంది. ఆ 31 రోజుల మనిషిని మాత్రం మర్చిపోకూడదు, ఆ కేస్ షీట్ విడిగా తెప్పించుకుని చదవాలి.

పోయిన నెలతో పోల్చాలా, ఏడాదంతా చూడాలా? పోయిన నెల 50 ఆపరేషన్లకి ఒక ఇన్ఫెక్షన్, ఈ నెల 50 కి రెండు. రేటు డబుల్ అయిందని మీటింగ్‌లో ఓటీ సిస్టర్ని నిలబెట్టి అడగడం చాలాచోట్ల జరుగుతుంది, నాకు అది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఒకటి రెండవ్వడం ఏ కారణమూ లేకుండానే జరిగిపోతుంది. మామూలుగా ఉండే ఎగుడుదిగుడు ఏది, నిజంగా ఏదో మారింది అనిపించేది ఏది అని విడదీసే చార్ట్‌ని అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924 లోనే ఫ్యాక్టరీల కోసం గీశాడు, ఇప్పుడు హాస్పిటళ్ళు కూడా అదే వాడుతున్నాయి. అంత లోతుకి వెళ్ళకపోయినా నెలకో చుక్క చొప్పున గ్రాఫ్ పెట్టి మధ్య విలువ దగ్గర అడ్డగీత గీయండి, వరసగా ఆరు చుక్కలు గీతకి ఒకే పక్కన పడితే అప్పుడు కూర్చుని కారణం వెతకండి. అప్పటిదాకా ఎవర్నీ నిలదీయొద్దు. అయితే ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి కేసునీ చూడాలి, అది లెక్కతో పని లేకుండా చెయ్యాల్సిందే.

సున్నాని కూడా నమ్మేయకండి. 60 ఆపరేషన్లలో ఒక్క ఇన్ఫెక్షనూ లేదంటే మీ రేటు సున్నా అని కాదు, ఒక్కటీ లేనప్పుడు 3 ని మొత్తం కేసులతో భాగించి చూడడం ఒక పద్ధతి, 3 ని 60 తో భాగిస్తే 5 శాతం, అసలు రేటు అంతదాకా ఉన్నా ఇలా సున్నా కనిపించే అవకాశం ఉంది. పైగా కుట్లు విప్పడానికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళినవాళ్ళ సంగతి మీకు తెలీదు, 30 వ రోజున ఒక ఫోన్ చేసి అడిగితేనే ఆ సున్నాకి విలువ.

పక్క హాస్పిటల్‌తో పోల్చుకోవడం గురించి. ఒక చిన్న హాస్పిటల్‌లో 200 మంది డెంగీ పేషెంట్లలో నలుగురు పోయారు, అంటే 2 శాతం, పెద్ద హాస్పిటల్‌లో 200 లో 12 మంది, 6 శాతం అనుకుందాం. చిన్నదే మంచిదనిపిస్తుంది. లోపల చూస్తే చిన్నదాంట్లో సీరియస్‌గా వచ్చినవాళ్ళు 20 మంది, ఆ నలుగురూ వాళ్ళలోనే, పెద్దదాంట్లో సీరియస్ 120 మంది, 12 మంది వాళ్ళలోనే. సీరియస్ కేసుల వరకు చూస్తే 20 శాతం ఒకచోట, 10 శాతం ఇంకోచోట. ఎలాంటివాళ్ళు వస్తున్నారో విడదీయకుండా రెండు హాస్పిటళ్ళని పోల్చే ఏ లెక్కనీ నేను ఒప్పుకోను.

సిజేరియన్లకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు, దేశం మొత్తం మీద 21.5. "మాది స్టేట్ కంటే తక్కువే" అని ఊరుకుంటే మన దగ్గర ఆ మాటకి అర్థం లేదు. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో అన్ని హాస్పిటళ్ళూ వాడమని చెప్పిన రాబ్సన్ పద్ధతి ఉంది, కాన్పుకి వచ్చినవాళ్ళందర్నీ 10 గ్రూపులుగా విడదీస్తారు. లేబర్ రూమ్ రిజిస్టర్‌లో ఒక్క కాలమ్ పెంచితే చాలు. మొదటి కాన్పు, నెలలు నిండి, ఒక్క బిడ్డ, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్ళు ఒకటో గ్రూపు, నెలలు నిండి, ఒక్క బిడ్డ, తల కిందికే ఉండి, ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్ళు అయిదో గ్రూపు. ఒకటో గ్రూపులో సిజేరియన్లు ఎక్కువ ఉంటే అది డాక్టర్లందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఈరోజు ఆ గ్రూపులో కోత పడ్డ తల్లే రెండో కాన్పుకి అయిదో గ్రూపులోకి వస్తుంది.

ఇక కొనబోయే ముందు

ఏ పద్ధతిలో ఉన్నా పేషెంట్ తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఐపీ రికార్డులు ట్రీట్‌మెంట్ మొదలైనప్పటి నుంచి 3 ఏళ్ళు దాచాలి, 2002 నుంచి ఉన్న మెడికల్ కౌన్సిల్ నిబంధన ఇది, కాబట్టి సాఫ్ట్‌వేర్ తీసుకున్న రోజునే కేస్ షీట్లు అటక ఎక్కించేయకండి.

50 బెడ్ల లోపువాళ్ళు మూడు నెలలు షీట్ నడపండి. మూడు నెలలు తప్పకుండా నింపగలిగితే మీ స్టాఫ్ సాఫ్ట్‌వేర్‌కి సిద్ధంగా ఉన్నట్టు, నింపలేకపోతే సాఫ్ట్‌వేర్ కొన్నా గడులు ఖాళీగానే ఉంటాయి, ముందు ఆ పని ఎవరిదో, వాళ్ళకి రోజూ ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. నింపగలిగారు అనుకోండి, ఆ మూడు నెలల షీట్‌నే వెండర్ చేతికిచ్చి (అందులో పేర్లు ఉండవు కాబట్టి ఇబ్బంది లేదు) డెమో దాని మీదే చూపించమనండి. వాళ్ళ తయారీ డేటా మీద వద్దు. మీ డిశ్చార్జ్ టైప్ చేసే అమ్మాయిని, ఒక వార్డు సిస్టర్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, వాడేది వాళ్ళే. మధ్య విలువ ఎంతో, ఇన్ఫెక్షన్ రేటు ఎంతో మీ షీట్‌లో వచ్చిన అంకె ఆ స్క్రీన్ మీద కూడా వస్తోందో లేదో చూసి, తర్వాత మొత్తం డేటాని ఎక్సెల్‌లోకి దించి మీ పెన్‌డ్రైవ్‌లో వెయ్యమనండి, అక్కడే, మీ కళ్ళ ముందే.